రెండు తుపాకులు, ఒకటే సంచి

ఫోన్‌లో తుపాకుల ఆట బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడే పిల్లలు నలుగురు కలిస్తే ముందు తేలాల్సిన పంచాయితీ ఒకటే: ఎం416 గొప్పదా, ఏకేఎం గొప్పదా? గార్లదిన్నెలోనూ అంతే, గుంటూరులోనూ అంతే. విడిగా ఏ తుపాకీ గొప్పదో తేల్చుకున్నా ఆట గెలవలేం. ఆటగాడికి దక్కేది రెండు పెద్ద తుపాకులు, ఒక పిస్టల్, చేతికి పెనమో కొడవలో, వీపున సంచి పట్టినంత సామాను. ఇవన్నీ కలిపితే లోడౌట్. అందులో ప్రతి వస్తువూ ఇంకొకటి చేయలేని పని చేయాలి.

అనంతపురం మెట్ట రైతుకు ఈ లెక్క తెలుసు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకోకుండా నడుమ నడుమ కంది సాళ్లు వేస్తారు. వేరుశనగ ముందు చేతికొస్తుంది. కంది ఇంకా నిలబడి వెనక పడే వానలను అందుకుంటుంది. ఒకదాన్ని ముంచిన గండం రెండోదాన్ని ముంచకపోవచ్చు. ఎం416తో పాటు స్కార్-ఎల్ కూడా తగిలించుకున్నవాడు రెండు సాళ్లలోనూ వేరుశనగే వేసినట్టు. ఆ రెండు తుపాకులూ ఒకే దూరంలో పనికొస్తాయి, ఒకే దూరంలో చేతులెత్తేస్తాయి.

కాబట్టి మొదట చూడాల్సింది దూరం. ఇంటి లోపల, మెట్ల దగ్గర యూఎంపీ45, వెక్టర్, ఎస్12కే లాంటివి చురుగ్గా పనిచేస్తాయి. వెక్టర్‌లో మామూలుగా పట్టేవి 19 తూటాలే, అవి క్షణంలో అయిపోతాయి. 33 పట్టే పెద్ద మ్యాగజైన్ దొరికేదాకా దాన్ని నమ్మకూడదు. మధ్య దూరం అసాల్ట్ రైఫిళ్లది. ఎం416కు మూతి, పిడి, మ్యాగజైన్, స్టాక్, స్కోప్ అని ఐదు చోట్ల అదనపు సామాను బిగించవచ్చు. ఏకేఎంకు పిడీ స్టాకూ లేవు, మూడు చోట్లే. దాని 7.62 తూటా గట్టిగా తగులుతుంది గానీ వరుసగా కాలిస్తే తుపాకీ పైకి ఎగురుతుంది. ఆట మొదట్లో సామాను లేనప్పుడు ఏకేఎం నయం, అన్నీ దొరికాక ఎం416 నయం. పంచాయితీకి నా తీర్పు ఇదే.

దూరపు తుపాకీ దగ్గరే కుర్రాళ్లు ఎక్కువగా పొరబడతారు. కార్98కే మోజు అందరికీ ఉంది. రెండో లెవెల్ హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి కూడా తలకు ఒకే తూటాతో పడగొడుతుంది. కానీ గురి తప్పితే బోల్టు లాగి మళ్లీ కాల్చేలోగా ఎదుటివాడు రాయి చాటుకు పోతాడు. మినీ14, ఎస్‌కేఎస్ అలా కాదు, తప్పిన తూటా వెంటనే ఇంకోటి పంపొచ్చు. 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మిరమార్ ఎడారి మ్యాప్‌లో, చెట్టు చాటు దొరకని బయళ్లలో, పరిగెత్తేవాడి తలకు గురిపెట్టడం కన్నా ఒంటికి మూడు తూటాలు తగిలించడమే తేలిక. సాన్‌హాక్ మ్యాప్ పొడవూ వెడల్పూ 4 కిలోమీటర్లే, అంతా దట్టమైన పచ్చదనం. అక్కడ దూరపు తుపాకీ చాలాసేపు భుజాన బరువుగా మిగిలిపోతుంది.

తర్వాత తూటాల లెక్క. ఎం416, మినీ14 రెండూ 5.56 తింటాయి. ఒకే రకం ఏరుకుంటే చాలు, సంచి సర్దడం సులువు. కానీ అది నిండుకుంటే రెండు తుపాకులూ ఒకేసారి మూగబోతాయి. ఎం416కు కార్98కే జత చేస్తే 7.62 వేరుగా మోయాలి. అయితే బోల్టు తుపాకీకి ముప్పై తూటాలున్నా ఆట గడిచిపోతుంది. ఏకేఎం, ఎస్‌కేఎస్ జత మాత్రం బరువు. 7.62 తూటా 5.56 కన్నా సంచిలో ఎక్కువ చోటు తింటుంది. ఆ మేరకు మందులు తగ్గుతాయి, పొగ గ్రెనేడ్లు తగ్గుతాయి.

పొగ గ్రెనేడ్లు తగ్గించుకోకండి. బయలులో తోటివాడు పడిపోతే వాణ్ణి లేపడానికి మీకు దొరికే గోడ అదొక్కటే. రెండో స్కోప్ వదిలేసైనా రెండు మూడు పొగ గ్రెనేడ్లు ఉంచుకోవాలి. స్క్వాడ్‌గా ఆడేటప్పుడు నలుగురూ ఒకే జత పట్టుకోనక్కర్లేదు. ఒకరు దూరం కాస్తుంటే ఒకరు రష్‌కు పోవచ్చు.

ఖరీదైన ఫోన్లలో ఆడేవాళ్లు చెప్పే సలహాలు పల్లె పిల్లలకు పనికిరాని చోటు ఒకటుంది. పింగ్ (నెట్ జాప్యం) ఎక్కువగా ఉండి, ఫోన్ వేడెక్కి తెర తడబడుతుంటే, ఎదురెదురు పోరులో మీరు ఎదుటివాణ్ణి చూసేలోగా వాడు మిమ్మల్ని కాల్చేసి ఉంటాడు. అలాంటి ఫోన్ ఉన్నవాళ్లు ఇళ్లలోకి దూకడం తగ్గించి, మధ్య దూరంలో చాటు చూసుకుని ఆడాలి. అదృష్టం లేదనుకునే చాలా ఓటములకు కారణం ఈ ఫోన్ తడబాటే. ఆట సాగే జోన్ కుంచించుకుంటూ చిన్నదయ్యాక మాత్రం దూరపు తుపాకీ దించేసి యూఎంపీ45 గానీ, 47 తూటాల డీపీ-28 గానీ అందుకోండి. డీపీ-28తో పడుకుని కాలిస్తే పెద్దగా ఎగరదు.

పెద్దవాళ్లకు ఒక మాట. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. దాని స్థానంలో 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది, 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి తొలగింది, 2023 మేలో తిరిగొచ్చింది. దీన్ని డబ్బు పెట్టి ఆడే రమ్మీతో కలిపి చూడకండి. 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పదునైన ఆలోచనతో ఆడే పిల్లలను చూసి నాకు గౌరవం కలుగుతుంది. అయితే 18 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలే అన్న పరిమితి బీజీఎంఐలోనే ఉంది. పిల్లలూ, దాన్ని తప్పించుకోవడానికి నాన్న నంబరు వాడకండి.

ఆ మూడు గంటల్లో మొదటి పావుగంట ట్రైనింగ్ గ్రౌండ్‌కు ఇవ్వండి. ఎం416, మినీ14తో మొదలుపెట్టి, ఏ దూరంలో మీ చేయి తప్పుతోందో చూసుకుని, రెండో తుపాకీని ఆ దూరానికే ఎంచుకోండి.