తిరగబెట్టిన నాసాగ్రసని క్యాన్సర్: శస్త్రచికిత్స

ముక్కు వెనుక, గొంతు పైభాగాన ఉండే నాసాగ్రసనిలో పుట్టే క్యాన్సర్ దక్షిణ చైనాలో అధికం. అది రేడియేషన్‌కు బాగా లొంగుతుంది కనుక తొలి చికిత్సలో శస్త్రచికిత్స అవసరం దాదాపు రాదు. వ్యాధి అక్కడే తిరగబెట్టినప్పుడే చిక్కు. ఒకసారి కిరణాలు సోకిన కణజాలానికి మళ్లీ పూర్తి మోతాదు ఇస్తే మానని పుండ్లు, మెదడు కణజాల నాశం, ప్రాణాంతక రక్తస్రావం కలుగవచ్చు. కణితి కరిగినా చికిత్సే ప్రాణం తీయవచ్చు.

శస్త్రచికిత్సకు అడ్డంకి ఆ చోటే. కపాల పీఠం కింద, ఇరువైపులా అంతర కెరోటిడ్ ధమనుల నడుమ అది మరుగున ఉంటుంది. హాంకాంగ్‌లో విలియం వెయ్ బృందం పైదవడ ఎముకను చెంపతో సహా తలుపులా పక్కకు తెరిచి, కణితిని తీసి, ఎముకను తిరిగి బిగించే పద్ధతిని 1991లో ప్రకటించింది. దారి దొరికింది గాని ముఖంపై కోత తప్పలేదు. నేడు తగిన రోగులలో ముక్కు రంధ్రాల గుండానే ఎండోస్కోపుతో కణితిని, దాని చుట్టూ కొంత ఆరోగ్యకరమైన కణజాలాన్ని తొలగించి, బయటపడిన ఎముకను ముక్కు లోపలి పొరతో కప్పుతున్నారు.

ఈ రెండు మార్గాలను పోల్చుతూ దక్షిణ చైనాలో 200 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో లాన్సెట్ ఆంకాలజీలో వెలువడ్డాయి. మూడేళ్ల మనుగడ ఎండోస్కోపు వర్గంలో 85.8 శాతం, ఆధునిక రేడియేషన్ వర్గంలో 68 శాతం. తేడా చిన్నది కాదు. అయితే అందులో చేర్చుకొన్నది కోసి తీయగల కణితులున్నవారినే. కెరోటిడ్ ధమనిని చుట్టుకొన్న కణితికి ఈ అంకెలు వర్తించవు.