మీకు తెలుసా? 25కూ 60కూ పొత్తు కుదరదు!

సెకనుకు 25 ఫ్రేముల వీడియోను మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ సమాన వేగంతో చూపించలేదు, కంప్యూటర్ ఎంత ఖరీదైనదైనా సరే!

60ని 25తో భాగిస్తే 2.4. తెర ఒక బొమ్మను 2.4 సార్లు చూపలేదు కదా! అందుకే ప్రతి 5 ఫ్రేముల్లో మూడింటిని రెండేసి సార్లు, రెండింటిని మూడేసి సార్లు చూపిస్తుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కెమెరాను పక్కకు తిప్పుతూ 25 ఫ్రేములతో తీసిన షాట్‌ను ఎడిటింగ్‌కు పెట్టండి. వెనక నిలువుగా ఉన్న కొబ్బరి మానులు గతుకుల రోడ్డు మీద బండిలా కుదుపులతో కదులుతాయి. ఫైలు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు మార్చేయమని ఎవరైనా అంటే కాస్త ఆగండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. దానికి తగ్గట్టే పాత పాల్ టీవీ పద్ధతిలో 25 ఫ్రేములు పెట్టారు. కంప్యూటర్ తెరలు మాత్రం ఎక్కువగా 60తోనే వస్తున్నాయి. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి, రిఫ్రెష్ రేటులో 50, 75, 100లలో ఏది ఉంటే అది ఎంచుకోండి. ఇవన్నీ 25తో నిశ్శేషంగా భాగించబడేవే.

రాత్రి లైట్ల కింద తీసిన వీడియోలో నల్లచారలు పాకుతుంటే అది వేరే సంగతి. కరెంటు లైట్లు చాలావరకు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, ఆ చారలు షూటింగ్‌లోనే పడిపోయాయి. ఈసారి షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టి తీయండి.