ఉప్పెనకు ముందటి ఏళ్లు

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. 1990 మే 9న ఇంచుమించు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా డెల్టా దగ్గరే తీరం దాటింది. ఆస్తినష్టం అపారం. మృతులు మాత్రం వెయ్యి లోపే. ఆ వెయ్యి ప్రాణాలూ తక్కువేం కాదు. కానీ పదివేలు వెయ్యికి దిగడానికి కారణం, తుపాను రోజున జరిగిన హడావుడి కంటే అంతకుముందు పదమూడేళ్ల పాటు ఎవరి కంటా పడకుండా సాగిన పనిలో ఎక్కువగా ఉందని నా వాదన.

అసలు ఉప్పెన ఎలా పుడుతుందో తెలిస్తే ఆ పని విలువ తెలుస్తుంది. తుపాను కేంద్రంలో గాలి పీడనం పడిపోతుంది కాబట్టి అక్కడ సముద్రమట్టం కొంత ఉబుకుతుంది. అయితే పీడనం ఒక మిల్లీబారు తగ్గితే పెరిగే నీరు ఒక సెంటీమీటరే. డెబ్భై మిల్లీబార్లు తగ్గినా ముప్పాతిక మీటరు దాటదు. దివిసీమలో లేచిన నీరు సుమారు అయిదు మీటర్లు. మిగిలినదంతా గాలి నెట్టుకొచ్చిన నీరే. లోతైన సముద్రంలో గాలి తోసిన నీరు అడుగునుంచి వెనక్కి జారిపోతుంది. కృష్ణా, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుతో మెరక తేలిన తీరంలో అలా జారడానికి చోటుండదు, అందుకే నీరు గుట్టపడి నేల మీదికి ఎక్కుతుంది. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. కాబట్టి తుపాను వచ్చే దారికి కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల వైపు వీస్తుంది, ఉప్పెన ఆ పక్కనే ఉద్ధృతంగా లేస్తుంది. తీరం దాటే చోటు యాభై కిలోమీటర్లు అటూ ఇటూ అయితే ఒక ఊరు మునుగుతుంది, ఇంకో ఊరు వానతో బయటపడుతుంది. సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తులో బతికే ఊళ్లకు గాలి నుంచి గోడలు కొంత కాపు కాస్తాయేమో కానీ, ఆ నీటి నుంచి కాపాడేది ఎత్తయిన చోటు ఒక్కటే. అక్కడికి నీటి కంటే ముందు చేరాలి.

తుపానును పసిగట్టే రాడార్ విశాఖలో 1970లోనే వెలిసింది. అంటే 1977లో మనకు కళ్లు లేకపోలేదు. పడమరగా వస్తున్న తుపాను ఉత్తరానికి మళ్లింది, ఆ కబురు లంక గ్రామాలకు వేళకు అందే దారి లేదు, అందినా ఎక్కడానికి గట్టి మేడ లేదు. తరవాతి ఏళ్లలో ఈ లోపాలు ఒక్కొక్కటిగా పూడాయి. తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. 1983లో ఇన్శాట్-1బి కక్ష్యలో చేరాక మేఘాల చిత్రాలు క్రమంగా అందసాగాయి. ఆ ఉపగ్రహం ద్వారానే తీరప్రాంతాలకు స్థానిక భాషలో నేరుగా హెచ్చరిక వినిపించే యంత్రాలు వచ్చాయి. 1990లో లక్షన్నర మందికి పైగా ముందే ఇళ్లు వదిలి వెళ్లగలిగారంటే అదంతా అమరి ఉండబట్టే.

ఇది కేవలం అదృష్టం, ఏ రెండు తుపానులూ ఒకటి కావు కదా అని అడగవచ్చు. నిజమే, రెండు ఘటనలతో సూత్రం తేలదు. అందుకే బంగాళాఖాతం చుట్టూ చూడాలి. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌కు సుమారు పదివేల మంది బలయ్యారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మందిదాకా తరలించారు, మృతులు పదుల్లోనే. ఇప్పటి బంగ్లాదేశ్‌లో 1970 భోలా తుపానుకు మూడు లక్షలకు పైగా చనిపోయారు. 1972 నుంచి ఊరూరా వలంటీర్లను తయారుచేసుకుంటూ వచ్చిన ఆ పేద దేశంలో 2007 నాటి సిడర్‌కు పోయిన ప్రాణాలు మూడు నాలుగు వేలు. మరుసటి ఏడాదే నర్గిస్ మయన్మార్‌లోని ఐరావతి డెల్టాను ముంచి లక్షకు పైగా ప్రాణాలు తీసింది. ఆకాశంలో ఉపగ్రహాలు అవే, మన వాతావరణ శాఖ ముందే కబురూ పంపింది. కింద ఊళ్లలో ఆ కబురును అందుకునే ఏర్పాటు లేదు. ఇక మన దగ్గరే, 1996 నవంబరులో కోనసీమ తుపాను వెయ్యి మందికి పైగా బలిగొంది. వారిలో ఎంతోమంది నడిసముద్రంలో వేటలో ఉన్న మత్స్యకారులు. నేల మీద చేసుకున్న ఏర్పాటు, కబురు వినే సాధనం లేని పడవ దాకా వెళ్లలేదు. సిద్ధపడిన మేరకే రక్షణ అనడానికి ఇంతకంటే బాధాకరమైన రుజువు ఉండదు.

ఇంకో అభ్యంతరం గట్టిది. ఎప్పుడో వచ్చే తుపాను కోసం కట్టిన భవనం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటుంది, పది సార్లు ఖాళీ చేయించి తుపాను రాకపోతే పదకొండోసారి జనం కదలరు. మొదటిదానికి జవాబు షెల్టరును బడిగా వాడుకోవడంలో ఉంది. రోజూ పిల్లలు తిరిగే చోట తలుపులు ఊడవు, నీళ్లట్యాంకు ఎండదు, దారి అందరికీ తెలిసి ఉంటుంది. రెండోదానికి జవాబు శాస్త్రం మెల్లగా ఇస్తోంది. ఇరవై ఏళ్ల కిందట ఒక రోజు ముందు వేసిన అంచనాకూ తుపాను నిజంగా వెళ్లిన చోటుకూ సగటు తేడా 140 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉండేది. ఇటీవల అది ఎనభై లోపుకు వచ్చింది. తేడా తగ్గే కొద్దీ ఊరికే ఖాళీ చేయించాల్సిన ఊళ్లూ తగ్గుతాయి. ఈ మెరుగుదల ఏ ఒక్క ఆవిష్కరణతోనో రాలేదు. ప్రతి తుపాను తరవాతా తప్పిన అంచనాను విప్పి చూసి లెక్క సరిచేసుకునే ఓపికతో వచ్చింది. పద్దులో ఇలాంటి పనికి డబ్బు అడగడం చాలా కష్టం. కొట్టుకుపోయిన ఊరు కళ్లకు కడుతుంది, నిలబడ్డ ఊరు వార్త కాదు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చి పడింది. సముద్రం వేడెక్కుతున్న కొద్దీ ఒక్క రోజులోనే వాయుగుండం తీవ్ర తుపానుగా మారే ముప్పు పెరుగుతుంది, తరలించడానికి దొరికే గంటలు తగ్గుతాయి. అందుకే ఏ హెచ్చరిక కోసమూ ఎదురుచూడని రక్షణ మీద నాకు ఎక్కువ గురి. 1999 తరవాత ఒడిశాలోని కేంద్రపడా జిల్లా గ్రామాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తగ్గాయని తేల్చారు. కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో మనకూ మడ ఉంది. కొన్నిచోట్ల అది చేపల, రొయ్యల చెరువులుగా మారిపోయింది. చెరువు తవ్వడానికి ఒక వేసవి చాలు. నరికేసిన చోట మళ్లీ నాటిన మొక్క నీటి వేగాన్ని ఆపే అడవి కావడానికి ఏళ్లు పడుతుంది, అందుకే ఆ నాటడం తుపాను లేని ఏడాదిలోనే మొదలవ్వాలి.