సెకనుకు 1.34 మీటర్లు

1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో మురళీకాంత్ పేట్కర్ 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ఈదారు. పారాలింపిక్స్ వ్యక్తిగత పోటీల్లో మన దేశానికి అదే తొలి స్వర్ణం. 1965 యుద్ధంలో తగిలిన తూటాలు ఆయన నడుము కింది భాగాన్ని చచ్చుబడేలా చేశాయి. భాగహారం చేస్తే ఆయన ఈత సెకనుకు 1.34 మీటర్లు. మనం రోడ్డు మీద కాస్త చురుగ్గా నడిస్తే వచ్చే వేగం కూడా దాదాపు అంతే.

సైన్యంలో పేట్కర్ బాక్సర్. ఈతకు వచ్చింది గాయం తర్వాత, చికిత్స పేరు మీద. అమెరికాకు చెందిన మాలరీ వెగ్‌మన్ అలా కాదు, చిన్నప్పటి నుంచీ పోటీల్లో ఈదిన మనిషి. 2008 జనవరిలో, 18 ఏళ్ల వయసులో, నొప్పి తగ్గడానికి వెన్నులో చేయించుకున్న ఇంజెక్షన్ తర్వాత ఆమె కాళ్లు పడిపోయాయి. మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ నీళ్లలోకి దిగారు. 2012 లండన్‌లో ఒక స్వర్ణం, టోక్యోలో రెండు గెలిచారు.

అయితే తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికుడికీ, హైవే మీద బైకు ప్రమాదంలో మెడ విరిగిన కుర్రాడికీ పతకాల లెక్కలు చెప్పి లాభం లేదు. వాళ్లకు ముందు కావలసింది డిశ్చార్జి కాగితం మీద రాసి ఉండే ఒక అక్షరం, ఒక అంకె.

వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయల్దేరతాయి. మెడలో 8 (సి), ఛాతీ వెనక 12 (టి), నడుములో 5 (ఎల్), దాని కింద 5 (ఎస్), చివర ఒకటి. దెబ్బ సి5 దగ్గర ఆగితే భుజం లేస్తుంది, మోచేయి ముడుచుకుంటుంది. మోచేతిని చాచే బలం ప్రధానంగా సి7ది కాబట్టి నీటిని వెనక్కి నెట్టడం కష్టం. టి10 అయితే చేతులు పూర్తిగా మనవే, పొట్ట కండరాలు కూడా కొంతవరకు పనిచేస్తాయి. పక్కన ‘ఏ’ నుంచి ‘ఇ’ వరకు ఒక గ్రేడు ఉంటుంది. ‘ఏ’ అంటే గాయం కింద కదలికా స్పర్శా అడుగంటా లేవని. ‘బి’, ‘సి’, ‘డి’లలో ఎంతో కొంత మిగిలి ఉంటుంది.

వీటన్నిటిలోకి ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సిన గీత టి6. గాయం అక్కడ గానీ, అంతకు పైన గానీ ఉంటే బీపీ ఒక్కసారిగా ఎగబాకే ప్రమాదం ఉంది. మూత్రాశయం నిండినా, క్యాథెటర్ గొట్టం మెలిపడినా, మలబద్ధకం ఉన్నా, ఈత దుస్తులు బిగుతుగా ఉన్నా, పగిలిన టైలు కాలికి గీరుకున్నా చాలు. ఆ నొప్పి మనిషికి తెలియదు, కింది రక్తనాళాలు మాత్రం బిగుసుకుపోతాయి. తల పగిలిపోతున్నట్టు నొప్పి, మొహం ఎర్రబడటం, గాయం పైభాగంలో చెమటలు దీని గుర్తులు. ఇలాంటి వారిలో మామూలుగా బీపీ పై అంకె 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. అందుకే 140 చూసి ‘ఫర్వాలేదులే’ అనుకోకూడదు. తన మామూలు అంకె కన్నా 20 నుంచి 40 పెరిగితే అది అత్యవసరమే. వెంటనే నీళ్లలోంచి తీసి, నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, కారణం వెతకాలి. తగ్గకపోతే ఆసుపత్రికే. బీపీ పెరిగితే ఆటలో సత్తువ పెరుగుతుందని దీన్ని కావాలని తెచ్చుకున్న క్రీడాకారులూ ఉన్నారు! అందుకే అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ దాన్ని నిషేధించింది. పై అంకె 160 చేరితే ప్రమాదకరంగానే లెక్కిస్తుంది.

చలి, వేడి సంగతి కూడా ఈ గీతతోనే ముడిపడి ఉంది. గాయం కింది భాగానికి వణకడం రాదు, చెమట పట్టదు. గాలి కన్నా నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. పోటీల కొలనులో నీటి ఉష్ణోగ్రత 25 నుంచి 28 డిగ్రీలు. చికిత్స కొలనులో 33 నుంచి 35. డిసెంబరు పొద్దున హైదరాబాద్‌లో ఆరుబయటి కొలను మెడ గాయం ఉన్నవారికి తగదు. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా తగదు, అప్పుడు ఒళ్లు వేడెక్కిపోతుంది.

ఇక నీరు ఇచ్చే లాభం. బొడ్డు దాకా దిగితే బరువు సగం, మెడ దాకా దిగితే పదో వంతు. 70 కిలోల మనిషి అక్కడ 7 కిలోలే. ఊపిరి విషయంలో ఒక వింత ఉంది. మామూలు మనిషి మెడలోతు నీళ్లలో నిలబడితే ఊపిరి కాస్త తగ్గుతుంది. మెడ గాయం ఉన్నవారిలో తరచు పెరుగుతుంది, వదులైపోయిన పొట్టను నీరు లోపలికి నొక్కి డయాఫ్రంను పైకి నెడుతుంది గనక. దగ్గు మాత్రం బలహీనమే. ఒక గుక్క నీళ్లు మింగినా ఇబ్బందే.

కాబట్టి మొదట నేర్వాల్సింది చేతులు వేయడం కాదు, బోర్లా పడితే తల, భుజం తిప్పి వెల్లకిలా కావడం. 1949లో లండన్‌లో జేమ్స్ మెక్‌మిలన్ మొదలుపెట్టిన హాలివిక్ పద్ధతిలోని 10 అంశాల్లో ఎక్కువ భాగం ఒళ్లు తిప్పుకోవడం, నిలకడ గురించే. అందులో తేలే పరికరాలు వాడరు, ఒక్కొక్కరి పక్కనా ఒక మనిషి ఉంటారు. నడుముకు మునగబెండు కట్టి బావిలోకి తోసే మన పాత పద్ధతి ఇక్కడ చేటు. కాళ్లకు ట్యూబు కడితే కాళ్లు తేలి మొహం మునుగుతుంది.

నా లెక్కలో నీటికన్నా గట్టే పెద్ద అడ్డంకి. ర్యాంపు వాలు 1:12 ఉండాలంటారు, అంటే మీటరు లోతుకు 12 మీటర్ల పొడవు. మన కొలనుల్లో చాలావాటికి ఉన్నది ఇనుప నిచ్చెన ఒక్కటే. వీల్‌చైర్ సీటు నేల నుంచి సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తు. అక్కడి నుంచి గట్టు మీదికి దిగాలంటే మందపాటి చాప పరవాలి, లేకపోతే స్పర్శ లేని చర్మం గీరుకుపోయి పుండ్లు పడతాయి. సర్జన్ సరేననే దాకా, పుండు మానే దాకా, మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గే దాకా దిగకూడదు.

దిగడం కన్నా ఎక్కడం కష్టం. 7 కిలోలుగా ఉన్న మనిషి గట్టు మీద మళ్లీ 70 అవుతాడు. కాళ్లను చుట్టూ నొక్కిన నీటి ఒత్తిడి పోవడంతో రక్తం కిందికి జారి బీపీ పడిపోవచ్చు, కళ్లు తిరగొచ్చు. గట్టున కాసేపు కూర్చోబెట్టి, తడి తుడిచి, దుప్పటి కప్పాలి. కూర్చునే చోటా, మడమల మీదా ఎర్రటి మచ్చలు పడ్డాయేమో చూడాలి. వేలితో నొక్కినా తెల్లబడని మచ్చ కనిపిస్తే ఆ చోటు మీద బరువు పడనివ్వకూడదు. అది తగ్గే దాకా ఈత ఆపాలి.