సున్న చీటి

మొన్నటి మంగళవారము నాడు నేనును మావారును ఆత్మకూరు బస్సు ప్రాంగణమున ఉదయగిరి బండికై వేచియుంటిమి. నా ప్రక్కనే యొక వృద్ధురాలు కూర్చుండెను. ఒడిలో సంచి, సంచిలో వైద్యశాలవారిచ్చిన మందులు. బండి వచ్చినది, ఎక్కితిమి. ఆమెకును నాకును సీటు దొరకినది, మావారికి దొరకలేదు. కండక్టరు చేతియంత్రమునుండి చీటి చించి యామెకీయగా, ఆమె దానిని ఇటునటు త్రిప్పిచూచి నాకందిచ్చి, "ఎంత పడిందో చూడమ్మా" అనెను.

"సున్న పడిందవ్వా."

"సున్నంటే మధ్యలో దింపెయ్యరు గదా?"

"దింపరు. ఇది చెల్లే టిక్కెట్టే."

ఆమె యా చీటిని నాలుగు మడతలు పెట్టి కొంగుచివర ముడివేసికొనెను. పూర్వము ఛార్జీ డబ్బులను ఆ ముడియందే కట్టుకొనెడిదట.

సోదరీమణులారా! ఈ సున్న చీటి మన చేతికి వచ్చినది 2025వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు "స్త్రీశక్తి" యను పేర నానాడు ఈ యేర్పాటును ప్రారంభించిరి. రాష్ట్రమున నివసించు బాలికలు, స్త్రీలు, ట్రాన్స్‌జెండరు వ్యక్తులు ఆర్టీసీవారి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అను అయిదు తరగతుల బండ్లలో ఛార్జీ లేకుండ పయనింపవచ్చును. ప్రారంభమున ఇట్టి బండ్లు 8,458 అని లెక్క చెప్పిరి. అల్ట్రా డీలక్సు, సూపర్ లగ్జరీ, ఏ.సి. బండ్లు, నాన్‌స్టాపులు, పొరుగు రాష్ట్రములకు పోవునవి ఇందు చేరవు. ఆధారు, ఓటరు, రేషను కార్డులలో నేదేని యొకటి చూపవలయును. మొదటి నెలలో నొకనాడు నేను కార్డును దేవుని గూటిలో మరచివచ్చి, టిక్కెట్టు కొనవలసివచ్చినది. తప్పు నాదే. కండక్టరు "ఫరవాలేదమ్మా, వచ్చేటప్పుడు తెచ్చుకోండి" అని మృదువుగనే పలికినను, చుట్టునున్నవారందరు నన్ను చూచిన చూపునకు నాకు తల వంగినది. ఆరు నెలల క్రిందట టిక్కెట్టు కొనుట వింత కాదు, ఆనాడది వింతయైనది!

రేవు సుంకములను గూర్చియు, వానిలోని మినహాయింపులను గూర్చియు మన పూర్వులును తలపోసియున్నారు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నది దాటించుటకు వెల నిర్ణయింపబడినది. బండికి ఒక పణము; మనుష్యుడు మోయు బరువునకు అరపణము; పశువునకును స్త్రీకిని కాలుపణము; ఏమియు మోయని పురుషునకు అందులో సగము. చిన్ననాట మా తండ్రిగారి యొద్ద ఈ శ్లోకమును చదువుచు, వట్టిచేతుల పురుషునికంటె స్త్రీకి రెండింతలు ఏలయని నేనడిగితిని. ఆయన నవ్వి, "ఆడుది వట్టిచేతులతో నెప్పుడు బయలుదేరినది తల్లీ?" అనిరి. వ్యాఖ్యాతలెవ్వరు నట్లు చెప్పినట్లు లేదు గాని, పల్లెవెలుగు బండిలో చూచినచో మా తండ్రిగారి వ్యాఖ్యయే సరియని తోచును. చంకలో బిడ్డ, చేత సంచి, కాళ్ళ సందున బియ్యపు మూట లేని స్త్రీ యెచ్చట? ఆ వెంటనే మనువు రెండు నెలలు దాటిన గర్భిణికి రేవు సుంకము లేదనియు చెప్పెను.

కౌటిల్యుడు మరికొంత ముందునకు పోయెను. అర్థశాస్త్రము రెండవ యధికరణమున నావలపై నధికారి యైన నావధ్యక్షుని విధులు గలవు. సన్న్యాసులు, బాలురు, వృద్ధులు, రోగులు, గర్భిణులు మున్నగువారు ఆ యధికారి ముద్రను చూపి నది దాటవచ్చునట. ఆ ముద్రయే నేటి సున్న చీటి గదా! ఆ యధ్యాయముననే మరియొక విధి కలదు. దానిని కడపట చెప్పెదను.

సున్న పడినదనగా ఆ ప్రయాణమునకు వెల లేదని భ్రమపడరాదు. ఆ దూరమునకు గల ఛార్జీ యంత్రమున లెక్కకు వచ్చును. దానిని ప్రభుత్వము రాయితీగా భరించి సంస్థకు చెల్లించుట ఏర్పాటు. ఏటికి 1,942 కోట్ల రూపాయలు కావలయునని ప్రారంభమున అంచనా వేసిరి. కాబట్టి "ఉచితమే గదా, చీటి యెందులకు?" అని తీసికొనక కూర్చుండు సోదరి తనకు తెలియకయే బండికి నష్టము చేయుచున్నది. చీటి లేనియెడల ఆమె ప్రయాణము లెక్కయందుండదు. లెక్కలో లేనివారికై రేపు ఎవ్వరు బండి వేయుదురు?

ఇక ఛార్జీల మాట. 2019 డిసెంబరు 11వ తేదీ నుండి పల్లెవెలుగున కిలోమీటరునకు 10 పైసలు, ఎక్స్‌ప్రెస్సున 20 పైసలు పెంచిరి. 2022 ఏప్రిలులో డీజిలు సెస్సు వచ్చి, పల్లెవెలుగున 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్సున 5 రూపాయలు చేరినవి. పల్లెవెలుగు కనీస ఛార్జీ 10 రూపాయలైనది. క్యాట్ కార్డు కొన్నవారికి 10 శాతము, అరువది యేండ్లు దాటినవారికి 25 శాతము తగ్గింపు అను వరములు ఉండెను. కాని ఆ కార్డునకు ముందుగా సొమ్ము కట్టవలయును. చేత సొమ్ము గలవానికే చౌక దొరకుట లోకరీతి.

ఈ ప్రాంతమునకు బస్సు తప్ప వేరు గతి లేదు. ఉదయగిరికి రైలు లేదు, ఆత్మకూరునకును లేదు. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గము ఇంకను పూర్తి కాలేదు. పెద్ద వైద్యము కావలసినను, కలెక్టరు కచ్చేరిలో పని యున్నను నెల్లూరు పోవలయును. ఉదయగిరిలో కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కి జీవించు కుటుంబములు గలవు. ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపును వచ్చినది. ఆకురాయి పట్టి నునుపుచేయువారిలో ననేకులు స్త్రీలే. వారిలో నొకామె నాతో చెప్పినది: "సరుకు నెత్తిన పెట్టుకుని నేనే పోయి అమ్ముకొస్తన్నా. ముందు ఛార్జీకి పోయేది పోంగా మిగిలేది చూసుకుని, ఎందుకులే అని ఇంటికాడికొచ్చినోళ్ళకే ఇచ్చేదాన్ని." ఇంటికి వచ్చినవాడు చెప్పిన ధర యెట్టిదో మనకు తెలియనిది కాదు.

అయినను నా మనస్సున నాటినది వేరొక మాట. సీతారామపురము వైపునుండి వచ్చుచున్న యొక కోడలు, ఇరువదియైదేండ్ల పిల్ల, పుట్టినింటికి పోవుచు నాతో మాటలాడినది. ఆమె పుట్టిల్లు వింజమూరు చేరువ పల్లె. దూరము గొప్పది కాదు. అయినను రెండేండ్లలో నామె అచ్చటికి పోయినది మూడు మారులే. "పోవద్దని యెవరూ అనలేదక్కా. ఛార్జీకి డబ్బుల్లేవన్నారు, అంతే" అనెను. ఆ "అంతే" యను మాటయందు ఎంత యున్నదో చదువరులే యూహింతురు గాక! కాదనకుండ కాదనుటకు ఛార్జీ యొక మంచి సాధనముగ నుండెను. ఇప్పుడు పోవద్దనదలచినవారు పోవద్దనియే నోరు తెరచి యనవలసివచ్చుచున్నది. అట్లనుటకు చాలమందికి ధైర్యము చాలదు. ఈ శ్రావణమున నామె తల్లి యొద్దకు పోయి, వాయనము పుచ్చుకొని, ఆ సాయంకాలమే తిరిగివచ్చినదట. తల్లికి జబ్బుచేసిన వార్త తెలిసిన నాడు ఎవ్వరినడుగక బండి యెక్కినదట.

దీనికి మారుపక్షమును గలదు. "ఛార్జీ లేదు గదాయని కరెంటు బిల్లు, బ్యాంకు పని, ఎరువుల దుకాణము, పిల్లల సర్టిఫికెట్లు అన్నియు నా నెత్తినే వేసిరి, ఆయన అరుగుపై కూర్చుండి పత్రిక చదువుచున్నారు" అని యొక గృహిణి వాపోయినది. ఆమె మాట విని నవ్వితిని గాని, ఇంటికి వచ్చి తలచుకొనగా, గత మూడు నెలలలో మా యింటనుంచి ఆత్మకూరు పోయినది నేనే.

పురుషులేమనుచున్నారు? వినుటకు మన చెవులు కొంత తెరచియుంచుట న్యాయము. ఆ మంగళవారము బండిలో నొక పెద్దమనిషి, "టిక్కెట్టు కొన్నవాడు నిలబడాల, కొననోళ్ళు కూర్చోవాల, ఇదేం ధర్మం?" అని బిగ్గరగ ననెను. ముందు వరుసనుండి "నీ పెండ్లామూ కూర్చోనుందిలే" అని యొక గొంతు వినబడగా బండియంతయు నవ్వినది. మావారు కమ్మిని పట్టుకొని నిలుచుండి, "అర్ధాంగి కూర్చున్నది గనుక నేను సగము కూర్చున్నట్లే" అనిరి. నవ్వు సరే, ఆ పెద్దమనిషి మోకాళ్ళ నొప్పితో గంటసేపు నిలుచుండెను. ఆయన ప్రశ్నకు నవ్వు జవాబు కానేరదు. 2023 జూన్ 11వ తేదీన ఇట్టి పథకమునే "శక్తి" యను పేర ప్రారంభించిన కర్ణాటకమువారు సాధారణ బండ్లలో సగము సీట్లు పురుషులకని నియమము చేసిరి. ఆ నియమము నాకు న్యాయముగ తోచినది. కాని అచ్చటనే 2025 జనవరి 5వ తేదీనుండి ఛార్జీలు 15 శాతము పెరిగినవి. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీన మహాలక్ష్మి పథకము వచ్చినది. 2025 అక్టోబరులో హైదరాబాదు నగర బస్సుల ఛార్జీలు పెరిగినవి. పెరుగుటకు కారణములు పెక్కు లుండవచ్చును. అయినను భార్య మిగిల్చినదియు, భర్త యధికముగ చెల్లించినదియు ఒక్క యింటి సొమ్మే గదా! ఆటో నడుపుకొను కుటుంబముల స్త్రీలు సైతము మన సోదరీమణులే. వారి రాబడి తగ్గునని తెలిసియే ప్రభుత్వము 2025 అక్టోబరు 4వ తేదీన ఆటో, క్యాబు నడుపువారికి ఏటికి 15,000 రూపాయల సహాయమును ప్రారంభించినది.

2022 జూనులో విశాఖపట్టణమునుండి ఎంప్రెస్ అను విహారనౌక చెన్నపట్టణమునకు నడచినది. ఇట్టి విహారనౌకలపై లోకమంతట ప్రయాణికులకు గల ఫిర్యాదు ఒక్కటే: గది ఛార్జీ యొకటి చెప్పి, పానీయముల ప్యాకేజీకి వేరుగ, ఇంటర్నెట్టునకు వేరుగ, సేవకుల బహుమానమునకు వేరుగ వసూలు చేయుదురని. మన పల్లెవెలుగున ప్యాకేజీలు లేవు. బండి వచ్చుట, ఆగుట, కాలు మోపుటకు చోటుండుట, ఈ మూడే మన సౌకర్యములు. లక్సెంబర్గు దేశమున 2020 ఫిబ్రవరి 29వ తేదీనుండి బస్సులు, రైళ్ళు సమస్తము ఉచితమే. రైలు మొదటి తరగతికి మాత్రము వెల కలదు. అచ్చట మొదటి తరగతి వద్దనుకొన్నవాడు అదే రైలున రెండవ తరగతిలో పోవును. ఇచ్చట బండి తరగతి మారినచో, ఆ వేళకు వేరు బండి యుండదు. అందుచేత బండి నుదుట వ్రాసిన పేరును సోదరీమణులు చదువుచుండవలయునని నా మనవి. ఒక వేళకు నడుచు పల్లెవెలుగు పై తరగతిగా మారెనేని ఛార్జీ మరల వచ్చినట్లే. ఆ బండి మానుకొనబడెనేని పోయినది ఛార్జీకంటె నెక్కువే.

ఇట్టి మాట యెత్తినపుడు తోడి స్త్రీలు నాకు చెప్పు జవాబు ఒక్కటే: "ఊరకే ఎక్కించుకుంటున్నారు, ఇంకేం అడుగుతాం?" ఉచిత ప్రయాణమున్న ప్రతి చోటను ఈ సంకోచము ఉండును గాబోలు. రద్దీని గూర్చి, మధ్యాహ్నపు బండిని గూర్చి, చీకటిపడిన వెనుక ఆగు చోటున దీపము లేకుండుటను గూర్చి తమలో తాము చెప్పుకొందురే గాని డిపోలో వ్రాసియిచ్చువారు అరుదు. ఆత్మకూరున, ఉదయగిరిలో రెండుచోట్లను డిపోలు గలవు. పోవుటకు దూరమును లేదు. ఇచ్చటనే కౌటిల్యుని రెండవ విధిని చెప్పవలయును. నావకు తగిన మనుష్యులు, పరికరములు లేకపోవుటచేతనో, బాగుచేయింపకుండుటచేతనో ప్రమాదము కలిగినచో ఆ నష్టమును నావధ్యక్షుడే పూరింపవలయునట. వెల యిచ్చి యెక్కినవారికొకటి, ముద్ర చూపి యెక్కినవారికొకటి యని ఆయన విభాగింపలేదు.

ఆ మంగళవారము, ఉదయగిరి ఇంకను కొంత దూరముండగనే వృద్ధురాలు దిగు చోటు వచ్చినది. సంచి నేనందిచ్చితిని. ఆమె మెట్టుపై నిలిచి కండక్టరును, "వచ్చే మంగళవారం గూడా ఇదే పొద్దుకు వస్తుందా నాయనా? డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు" అని యడిగెను.

"వస్తుందవ్వా. సీటు సంగతే చెప్పలేను."

"సీటు లేకపోతే ఎవరో ఒకరు లేస్తార్లే. బండి రానీ" అని యామె మెల్లగ దిగెను.