చెరువుకు బుడగ చాలదు

"సార్, అక్వేరియంలో బుడగలు వదిలితే చేపలు బతుకుతున్నాయి కదా, మా చెరువులో చక్రాలెందుకు?" వాయువులు నీటిలో కరగడం గురించి చెబుతుంటే తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగాడు. భీమవరం వైపు పిల్లలకు చెరువు నీటిలో తెడ్లున్న చక్రం తిప్పి గాలి కలిపే ఏరియేటర్ గురించి వేరే చెప్పక్కర్లేదు, దాని చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్లే. ప్రశ్న మాత్రం గట్టిది. బుడగకూ చక్రానికీ ఉన్న పోటీ నాకు భలే ఇష్టం.

గాలిలో అయిదో వంతు ఆక్సిజనే. నీటిలో మాత్రం దానికి చోటు చాలా తక్కువ. 30 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 7.5 మిల్లీగ్రాములు కరిగేసరికి నిండిపోయినట్టే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక చేపలతో పాటు తనూ పీల్చేస్తుంది. అందుకే మబ్బు పట్టిన రోజు గడిచాక తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

చెరువు మీద అంత గాలి ఉన్నా అందులోని ఆక్సిజన్ కిందికి దిగదేం? అడ్డమంతా నీటి పైపొరలోనే ఉంది. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. ఉపరితలాన్ని అంటుకుని కదలని పల్చటి పొర ఒకటి ఉంటుందని, వాయువు దాన్ని దాటడమే కష్టమని 1920ల్లో లూయిస్, విట్‌మన్ అనే ఇంజనీర్లు వివరించారు. దీన్నిబట్టి యంత్రం చేయాల్సినవి రెండు పనులు: గాలి తగిలే వైశాల్యం పెంచాలి, ఆక్సిజన్ అందిన నీటిని పక్కకు తోసి అందని నీటిని పైకి తేవాలి.

తెడ్డుచక్రం రెంటినీ ఒకే దెబ్బకు చేస్తుంది. లీటరు నీరు ఘనాకారంలో ఉందనుకుంటే దాని ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. అదే నీటిని 2 మిల్లీమీటర్ల తుంపరలుగా చిందిస్తే 30,000. యాభై రెట్లు! ఎగిరిన చుక్క ఆక్సిజన్ పట్టుకుని పడుతుంది, పడుతూ కాస్త గాలిని కూడా లోపలికి లాక్కుపోతుంది. తెడ్డు తోపుకు చెరువు నీరంతా కదిలి, కొత్త నీరు వంతుకొస్తుంది.

ఇక బుడగ. సెకనుకు పాతిక, ముప్పై సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తుంది. మన చెరువుల లోతు నాలుగైదు అడుగులు. అంటే అడుగున పుట్టిన బుడగ అయిదారు సెకన్లలో పైన పగిలిపోతుంది. బస్సు ఆగీ ఆగకముందే కదిలిపోతే ఎంతమంది దిగగలరు? ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం దిగకుండానే వెళ్లిపోతుంది.

ఈ పోటీని అంకెల్లో తేల్చినవాళ్లలో ముందు చెప్పాల్సినవాడు అమెరికాలో అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాడ్ బాయిడ్. పరీక్ష పద్ధతి ముచ్చటైనది. తొట్టెలో సోడియం సల్ఫైట్, చిటికెడు కోబాల్ట్ క్లోరైడ్ కలిపి నీటిలోని ఆక్సిజన్‌ను ముందు పూర్తిగా చంపేస్తారు. తర్వాత యంత్రం వేసి ఆక్సిజన్ ఎంత వేగంగా పెరుగుతుందో చూస్తారు. 1998లో ఆయన ఇచ్చిన సగటుల ప్రకారం ఒక యూనిట్ కరెంటుకు తెడ్డుచక్రం 2.2 కిలోల ఆక్సిజన్ కరిగిస్తే, నీటి అడుగు నుంచి బుడగలు వదిలే పద్ధతి 0.9 కిలోలే.

ఆ చక్రానికి పూర్వీకులు అదే ప్రాంతపు క్యాట్‌ఫిష్ రైతులు సొంతంగా చేసుకున్నవి. పాత ట్రక్కుల వెనక ఇరుసు, డిఫరెన్షియల్ తీసి తెడ్లు వెల్డింగ్ చేసి, ట్రాక్టర్‌తో తిప్పేవారు. ఆబర్న్ వాళ్లు తెడ్డు ఆకారం మీద కూర్చున్నారు. చదును రేకు కంటే 135 డిగ్రీల కోణంలో మడిచినది మేలని, 10 సెంటీమీటర్లు మునిగి నిమిషానికి 80–90 చుట్లు తిరిగితే చాలని తేల్చారు. ఇంకా లోతుగా ముంచితే మోటారు మీద భారం పెరుగుతుంది. నీళ్లు ఎత్తుగా ఎగరేసే యంత్రమే గొప్పదనుకునేవాళ్లు ఈ అంకెలు చూడాలి.

బాయిడ్ చెప్పిన ఆ 2.2 కిలోలు కూడా 20 డిగ్రీల శుభ్రమైన నీటిలో, ఆక్సిజన్ సున్నా దగ్గర మొదలుపెట్టి కొలిచినది. 30 డిగ్రీల చెరువులో అప్పటికే లీటరుకు 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే అందులో సగం కూడా రాదు. కొరత తగ్గేకొద్దీ చక్రం పని తగ్గుతుంది. తమాషా ఏమిటంటే, మధ్యాహ్నం నాచు పుణ్యాన ఆక్సిజన్ 12 మిల్లీగ్రాములకు చేరితే అదే చక్రం దాన్ని నీటిలోంచి గాలిలోకి తరిమేస్తుంది! ఆ వేళ పైనీరు, అడుగునీరు కలిపేందుకు ఒకటో రెండో చక్రాలు తిరిగితే చాలు.

తర్వాతి కథ తొందరగా నడిచింది. తైవాన్‌వాళ్లు ఆ తెడ్డుచక్రాన్ని తేలే ప్లాస్టిక్ చక్రాలుగా, ఒకటి రెండు హెచ్‌పీల మోటారుతో చిన్నది చేశారు. రొయ్యల సాగుతో పాటు అది ఆసియా అంతా పాకింది, 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మన కోస్తాలో కట్ట కట్టకూ చేరింది. ఒక హెచ్‌పీకి సుమారు 500 కిలోల రొయ్యలన్న లెక్క అందరికీ తెలిసిందే. కొనేటప్పుడు మాత్రం హెచ్‌పీ కాదు, యూనిట్‌కు ఎన్ని కిలోల ఆక్సిజనో అడగాలి. చాలామంది అమ్మకందార్ల దగ్గర ఆ కాగితం ఉండదు.

కుర్రాడి బుడగ అన్నిచోట్లా ఓడలేదు. లోతు ఎక్కువగా ఉండే మురుగునీటి శుద్ధి ట్యాంకుల్లో దానిదే రాజ్యం. కాకినాడ తీరపు హేచరీల్లోనూ అంతే, అక్కడ రొయ్యపిల్లల మధ్య తెడ్డు తిప్పితే పిల్లలే మిగలవు. అందుకే బ్లోయర్‌తో గాలి ఊది సన్నటి బుడగలు వదులుతారు.