ఎముకల సాంద్రత పరీక్ష: మిషన్ ఒక్కటే చాలదు, చేసే మనిషికి శిక్షణ ఉండాలి



కాటా సంగతి మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. మిర్చి యార్డుకు టిక్కీలు వేసుకెళ్ళినప్పుడు ముందు కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూస్తారు. తేమ ఉన్న పత్తి ఎక్కువ తూగుతుందని, తూకం పెరిగినంత మాత్రాన సరుకు పెరిగినట్టు కాదని కూడా మీకు తెలుసు. ఎముకల సాంద్రత పరీక్ష కూడా ఒక రకం తూకమే. మీ ఎముకలో సున్నం, భాస్వరం లాంటి ఖనిజాలు ఎంత ఉన్నాయో అది తూచి చెబుతుంది. ఆ తూకం సరిగా ఉండాలంటే మిషన్ బాగుండాలి, దాన్ని నడిపే మనిషికి పని తెలిసి ఉండాలి, కాగితం చదివే డాక్టరుకు మీ ఊరి నీళ్ళ సంగతి కూడా తెలియాలి. ఈ మూడూ ఉన్నాయో లేదో మీరు ఎలా తెలుసుకోవచ్చో ఇందులో చెబుతున్నాం.

ఈ పరీక్ష అంటే ఏమిటి?

దీన్ని ఆసుపత్రుల్లో డెక్సా స్కాన్ అంటారు, కొన్నిచోట్ల బీఎండీ అంటారు. బల్ల మీద పడుకోబెడతారు. పైన ఒక చెయ్యి లాంటి భాగం నెమ్మదిగా కదులుతూ పోతుంది. సూది ఉండదు, సొరంగంలోకి పంపడం ఉండదు, నొప్పి ఉండదు. 10 నుంచి 15 నిమిషాల్లో అయిపోతుంది. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి, కండ ఎంత, ఎముక ఎంత అని లెక్క కడుతుంది. వాడే రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువ. మామూలుగా నడుము వెన్నుపూసలు, తుంటి చూస్తారు. అవి కుదరకపోతే ముంజేయి చూస్తారు.

ఎవరు చేయించుకోవాలి?

- 65 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు, 70 ఏళ్ళు దాటిన మగవాళ్ళు.
- 50 ఏళ్ళు దాటాక, నిలుచున్న ఎత్తు నుంచి పడినందుకే మణికట్టు, తుంటి, వెన్నుపూస విరిగినవాళ్ళు. కల్లంలో కాలు జారి చెయ్యి విరిగితే కట్టు కట్టించుకుని ఊరుకోకండి. తర్వాత తుంటి విరగొచ్చని అది ముందే చేసే హెచ్చరిక.
- ఆస్తమాకో కీళ్ళ నొప్పులకో స్టెరాయిడ్ మాత్రలు 3 నెలలకు మించి వాడినవాళ్ళు.
- 45 ఏళ్ళలోపే ముట్లు ఆగిపోయినవాళ్ళు, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్ళు.

ఈ చివరి మాట మన ప్రాంతానికి ముఖ్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. దేశంలో ఇంత ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకను కాపాడే హార్మోన్ ఒక్కసారిగా తగ్గిపోతుంది. 35 ఏళ్ళకు ఆపరేషన్ అయిన ఆడమనిషి 50 ఏళ్ళకు మిరపకోతలకు వంగేటప్పుడు, ఆమె ఎముకకు అప్పటికే 15 ఏళ్ళుగా ఆ రక్షణ లేదు. మీ ఆపరేషన్ కాగితాలు వెతికి, ఏమేం తీశారో డాక్టరుకు చూపించండి.

కాగితం మీద అంకె ఏం చెబుతుంది?

రిపోర్టులో టీ-స్కోర్ అని ఒక అంకె ఉంటుంది. మీ ఎముకను ఆరోగ్యంగా ఉన్న యువ వయసువారి ఎముకతో పోల్చి ఆ అంకె ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో చెప్పిన లెక్క ఇది:

- మైనస్ 1, అంతకంటే పైన: మామూలు.
- మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య: ఎముక పలచబడుతోంది.
- మైనస్ 2.5, అంతకంటే కింద: ఎముకలు గుల్లబారాయి.

మైనస్ గుర్తు పక్కన అంకె పెరిగేకొద్దీ ఎముక బలహీనం అని గుర్తుంచుకోండి. మైనస్ 3 కంటే మైనస్ 2 మేలు. ముట్లు ఆగని ఆడవాళ్ళకు, 50 ఏళ్ళలోపు మగవాళ్ళకు టీ-స్కోర్ కాకుండా జెడ్-స్కోర్ చూడాలి. 30 ఏళ్ళ అమ్మాయి రిపోర్టు మీద టీ-స్కోర్ చూసి "నీ ఎముకలు గుల్లబారాయి" అని ఎవరైనా అంటే, రెండో డాక్టరుకు చూపించుకోండి.

శిక్షణ ఉన్నవాళ్ళు చేస్తే తేడా ఏమిటి?

మిషన్ మీట నొక్కగానే అంకె వచ్చేస్తుంది కాబట్టి ఎవరు నొక్కినా ఒకటే అనిపిస్తుంది. కాదు. శిక్షణ పొందినవాళ్ళు చేసే పనులు ఇవి:

1. పొద్దున్నే మిషన్‌ను పరీక్షిస్తారు. ఎంత తూగాలో ముందే తెలిసిన ఒక నమూనా దిమ్మను స్కాన్ చేసి, అంకె సరిగా వచ్చిందో లేదో పుస్తకంలో రాస్తారు. మన కాటాకు తూకపు రాయి పెట్టి చూసినట్టే.

2. మిమ్మల్ని సరిగా పడుకోబెడతారు. తుంటి స్కాన్‌కు పాదాన్ని లోపలి వైపు తిప్పి పట్టీ కడతారు. అలా తిప్పకపోతే తొడ ఎముక మెడ భాగం పొట్టిగా కనబడి, అంకె ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. జబ్బు ఉన్నా "బాగానే ఉంది" అని రిపోర్టు వస్తుంది.

3. ఏ పూస లెక్కలోకి తీసుకోవాలో, ఏది వదిలేయాలో చూస్తారు. కుంగిపోయిన పూస, అరిగి పక్కన ముళ్ళు పెరిగిన పూస తూకం ఎక్కువ చూపిస్తాయి. వాటిని తీసేసి మిగతావి లెక్క కట్టాలి.

4. తమ చేతి తప్పు ఎంతో తామే కొలుచుకుంటారు. అనుమతి తీసుకుని 30 మందిని రెండేసిసార్లు, లేకపోతే 15 మందిని మూడేసిసార్లు స్కాన్ చేస్తారు. ప్రతిసారీ మనిషిని బల్ల దింపి మళ్ళీ పడుకోబెడతారు. రెండు అంకెలకూ ఎంత తేడా వస్తోందో చూస్తారు. నడుము దగ్గర ఆ తప్పు 1.9 శాతం దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. దాన్ని 2.77తో గుణిస్తే దాదాపు 5.3 శాతం. అంటే నిరుటికీ ఈ ఏటికీ తేడా 5.3 శాతం లోపే ఉంటే, మీ ఎముక నిజంగా మారిందని చెప్పలేం. ఈ లెక్క తెలియనివాళ్ళు 2 శాతం తగ్గగానే "మందు పనిచేయడం లేదు" అని మార్చేస్తారు. 2 శాతం పెరిగితే "నయమైంది" అని మందు ఆపేయమంటారు. రెండూ మీకు నష్టమే.

ఇదే కారణంతో రెండోసారి పరీక్ష మొదట చేయించుకున్న మిషన్ మీదే చేయించుకోవాలి. ఒక కాటా తూకాన్ని ఇంకో కాటా తూకంతో పోల్చకూడదు.

ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళవాళ్ళు ఇది తప్పక చదవండి

మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకల జబ్బు వస్తోందని 1937లో మొదట వైద్య పత్రికల్లో రాసింది మన ప్రాంతం గురించే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు.

ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవారి వెన్ను ఎముక స్కాన్‌లో చాలా దట్టంగా కనిపిస్తుంది. టీ-స్కోర్ మామూలుగా, ఒక్కోసారి మామూలు కంటే ఎక్కువగా వస్తుంది. అంతమాత్రాన ఎముక గట్టిగా ఉన్నట్టు కాదు. తేమ పత్తి తూకం లాంటిదే ఇది.

దీనికి రుజువు ఉంది. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు ఎముకలు గుల్లబారిన 202 మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 4 ఏళ్ళపాటు ఫ్లోరైడ్ మందుగా ఇచ్చి చూశారు. 1990లో ఫలితాలు ప్రచురించారు. మందు తీసుకున్నవాళ్ళ నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ పూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వెన్ను కాకుండా మిగతా ఎముకలు విరగడం మాత్రం బాగా పెరిగింది. అంకె పెరిగినా బలం పెరగలేదు.

అందుకని మీరు ఫ్లోరైడ్ ఊరివాళ్ళయితే, స్కాన్ గదిలోనే ఆ మాట చెప్పండి. "మాది ఫలానా ఊరు, ఇన్నేళ్ళు బోరు నీళ్ళు తాగాం, పళ్ళ మీద గార ఉంది, మెడ తిరగదు, నడుము వంగదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. శిక్షణ ఉన్నవాళ్ళు అప్పుడు ఒక్క నడుము అంకెతో సరిపెట్టుకోరు. తుంటి, ముంజేయి కూడా చూస్తారు, మామూలు ఎక్స్‌రే తీయిస్తారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకనిచోట కూడా 1.5 దాటకూడదని మన దేశ ప్రమాణం. మీ బోరు నీటిని పరీక్ష చేయించమని గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టుకోవచ్చు.

మడమ మిషన్ క్యాంపుల సంగతి

ఊళ్ళో ఉచిత ఎముకల పరీక్ష అని పెట్టి, మడమను చిన్న మిషన్‌లో పెట్టించి కాగితం ఇస్తారు. అది శబ్దతరంగాలతో చేసే పరీక్ష, డెక్సా కాదు. విరిగే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళను వడకట్టడానికి అది పనికొస్తుంది. కానీ పైన చెప్పిన మైనస్ 2.5 లెక్క దానికి వర్తించదు. ఆ కాగితం చూసి జబ్బు ఉందని తేల్చకూడదు, లేదని ధీమా పడకూడదు. అక్కడే పొడి డబ్బాలు, మాత్రలు అమ్మితే కొనకండి. కాగితం తీసుకుని పీహెచ్‌సీ డాక్టరుకు చూపించండి.

ఈ శిక్షణ ఎవరికి, ఎలా దొరుకుతుంది?

మీ ఇంట్లో అమ్మాయో అబ్బాయో రేడియోగ్రాఫర్‌గా, నర్సుగా, ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తుంటే ఈ భాగం వాళ్ళకు చూపించండి.

రేడియోగ్రాఫర్ డిప్లొమాలో, డాక్టర్లు చదివే 3 ఏళ్ళ ఎండీ రేడియాలజీలో ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ లాంటివన్నీ నేర్చుకోవాలి. అన్నిటి మధ్య ఎముక సాంద్రతకు దొరికే చోటు కొంచెమే. అందుకే ఉద్యోగంలో చేరాక దీనికి విడిగా శిక్షణ తీసుకోవాలి. 1993లో ఏర్పడిన అంతర్జాతీయ క్లినికల్ డెన్సిటోమెట్రీ సొసైటీ ఇందుకు కోర్సులు, పరీక్షలు పెడుతుంది. స్కాన్ తీసే టెక్నాలజిస్టులకు ఒక సర్టిఫికెట్, రిపోర్టు చదివే డాక్టర్లకు ఇంకో సర్టిఫికెట్ ఇస్తుంది. 5 ఏళ్ళకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2010లో ఈ స్కాన్ మీద ఒక మార్గదర్శి పుస్తకం కూడా వేసింది. మన దేశంలో ఎక్స్‌రే వాడే పరికరాలన్నిటి మీదా అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ ఉంటుంది.

పరీక్షకు వెళ్ళే రోజు

- ముందు రోజు నుంచి కాల్షియం మాత్ర ఆపండి. మిగతా మందులు మామూలుగా వేసుకోండి.
- ఈమధ్య మందు తాగించిగాని, నరానికి ఎక్కించిగాని సీటీ స్కాన్ లాంటివి తీసి ఉంటే ముందే చెప్పండి.
- మొలతాడు, తాయెత్తు, పిన్నీసులు, హుక్కుల జాకెట్టు లేకుండా చూసుకోండి. నడుము మీద లోహం ఉంటే అంకె తప్పు వస్తుంది.
- తుంటిలో రాడ్డు వేసి ఉంటే చెప్పండి. రెండో వైపు తీస్తారు.
- గర్భంతో ఉన్నా, ఉన్నామని అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.
- పాత స్కాన్ కాగితాలు, ఆపరేషన్ కాగితాలు వెంట పెట్టుకోండి.

మీరు అడగాల్సిన 5 ప్రశ్నలు

1. ఇది డెక్సానా, మడమ మిషనా?
2. ఇవాళ మిషన్ పరీక్ష అయిందా?
3. స్కాన్ తీసేవాళ్ళు ఈ పనికి విడిగా శిక్షణ తీసుకున్నారా?
4. నడుము, తుంటి రెండూ తీస్తున్నారా?
5. రెండోసారి పరీక్ష అయితే: వచ్చిన తేడా నిజమైన మార్పా, మిషన్ తేడానా?

ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పని తెలిసినవాళ్ళు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతారు.

పథకం కింద ఎలా?

ఎన్టీఆర్ వైద్య సేవ కింద (మొదట ఆరోగ్యశ్రీ అనేవాళ్ళం) నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ చేయించుకుంటే, ఆ చికిత్సకు కావాల్సిన పరీక్షలు, మందులు ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. వాటికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. స్కాన్ ఒక్కదాని కోసమే ఓపీకి వెళితే సంగతి వేరు. బల్ల ఎక్కకముందే ఆసుపత్రిలోని వైద్యమిత్ర దగ్గరకు వెళ్ళి, రేషన్ కార్డు, ఆధార్ చూపించి, మీకు రాసిన పరీక్ష పథకంలో వస్తుందో రాదో అడగండి. ఫోన్‌లో అడగాలంటే 104కు చేయండి, డబ్బు పడదు. పెద్దాసుపత్రికి వెళ్ళేముందు పీహెచ్‌సీ డాక్టరుతో చీటీ రాయించుకుంటే ఎటు పోవాలో తెలుస్తుంది, తిరుగుడు తగ్గుతుంది.

తుంటి విరిగితే మంచం పట్టేది ఒక్క మనిషే అయినా, ఆమెను చూసుకోవడానికి ఇంట్లో ఇంకొకరు కూలి మానుకోవాలి. సమయానికి తీసిన ఒక సరైన స్కాన్ ఆ కష్టాన్ని తప్పించవచ్చు. తప్పుగా తీసిన స్కాన్ లేని ధీమా ఇస్తుంది. ఈ కాగితాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి, మీ ఆశా కార్యకర్తకు, డ్వాక్రా గ్రూపుకు పంపండి.